విగ్రహం దగ్గర కలుద్దాం

సెల్‌ఫోన్లు లేని రోజుల్లో యూనివర్సిటీలో ఎవరినైనా కలవాలంటే చెప్పుకునే చిరునామా ఒకటే: "సాయంత్రం అయిదింటికి విగ్రహం దగ్గర." ఏ విగ్రహం అని ఎదుటివాళ్లు అడిగేవాళ్లు కాదు. యూనివర్సిటీకి ప్రాణం పోసినాయన విగ్రహమే. చీకటి పడేదాకా ఆ దిమ్మె మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చునే ఉండేవాళ్లు. హాల్‌టికెట్లు చేతులు మారిందీ, ఫలితాలు చూసొచ్చి కూలబడ్డదీ, స్ట్రైకు రోజున ఉపన్యాసాలు దంచిందీ, స్నాతకోత్సవం నాడు నల్ల గౌనుతో ఫొటో దిగిందీ అక్కడే. ఆ ఫొటోలు ఇప్పటికీ చాలా ఇళ్లలో గోడల మీద ఉన్నాయి. మనుషుల వెనక సగం కోటు, ఒక చెయ్యి, దిమ్మె మీద నాలుగు అక్షరాలు కనపడుతుంటాయి.

విశాఖలో వాల్తేరు మెట్ట మీద చదివిన వాళ్లకు ఆ జ్ఞాపకం కట్టమంచి రామలింగారెడ్డి గారితో ముడిపడి ఉంటుంది. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు, అంటే ఆంధ్రా యూనివర్సిటీ, 1926 ఏప్రిల్ 26న బెజవాడలో మొదలైంది. 1930లో వాల్తేరుకు వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. 1931లో ఆయన స్థానంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. 1936లో మళ్లీ కట్టమంచి వారే వచ్చి 1949 దాకా ఉన్నారు. 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక యూనివర్సిటీ గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాక తిరిగొచ్చింది. ఆ పోవడం, రావడం రెండూ ఆయన హయాంలోవే. ఆయన పుట్టింది 1880 డిసెంబరు 10. అందుకే ఏటా డిసెంబరు పదిన ఆయన మెడలో దండ పడుతుంది.

2026 ఏప్రిల్ 26తో విశ్వకళా పరిషత్తుకు నూరేళ్లు. శతాబ్దులు, స్వర్ణోత్సవాలు వచ్చినప్పుడు మన తెలుగునాట ఏ ప్రాంగణంలోనైనా ముందుగా తలపెట్టే పని విగ్రహానికి కొత్త రంగు వేయించడం. భక్తితోనే వేయిస్తారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ రంగు కిందే మనం చూసిన ముఖం కొద్దికొద్దిగా మాయమైపోతోంది. ఇక్కడ రాస్తున్నది ఏ ఒక్క ప్రాంగణం గురించో కాదు. పెద్దాయన విగ్రహం ఉన్న ప్రతిచోటా పనికొచ్చే సంగతులే. ఆ విగ్రహాలు ఎలా తయారయ్యాయో, ఎక్కడ నీళ్లు దిగి చెడతాయో, దేంతో కడగాలో తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి.

వ్యవస్థాపకుడి విగ్రహం చేయడంలో మొదటి చిక్కు, విగ్రహం పెట్టాలన్న ఆలోచన వచ్చేసరికి ఆయన బతికి ఉండకపోవడం. శిల్పికి దొరికేవి ఫొటోలు. అవీ ఎదురుగా తీసినవే. పక్కనించి ముక్కు ఎలా ఉంటుంది, చెవి తమ్మె అంటుకుని ఉందా వేలాడుతోందా, మెడ వెనక ఎన్ని ముడతలు, ఇవేవీ ఫొటోలో ఉండవు. పాతకాలం శిల్పులు అందుకే ఇంటివాళ్ల దగ్గర కూర్చునేవాళ్లు. ఆయన కోటు బీరువాలో ఉంటే తెప్పించుకుని కొలిచేవాళ్లు. భుజం నుంచి భుజానికి కొలత, చేతి పొడవు, చెప్పుల సైజు ఈ మూడూ దొరికితే మిగతా ఒళ్లంతా లెక్కకు వచ్చేస్తుంది. తలపాగా చుట్టే తీరు ఊరికో రకం, మనిషికో రకం. దాన్ని ఫొటో చూసి చేస్తే గిన్నె బోర్లించినట్టే వస్తుంది. ఆ చుట్టు తెలిసిన మనిషి చేత నిజంగా బట్ట చుట్టించి, దాన్ని చూస్తూ మట్టి పెట్టాలి.

ముందు అడుగో అడుగున్నరో ఎత్తున చిన్న నమూనా. అది ఒప్పుకున్నాక అసలు కొలతలో మట్టి బొమ్మ. బయట నిలబెట్టే విగ్రహం మనిషంత ఎత్తున ఉంటే దిమ్మె మీదకెక్కాక పిల్లవాడిలా కనిపిస్తుంది. అందుకని ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు తొమ్మిదడుగులు చేస్తారు. లోపల ఇనుప గొట్టాలు, చెక్క ముక్కలు కట్టిన అస్థిపంజరం, దాని మీద అర టన్ను దాకా మట్టి. ఆ మట్టిని నెలల తరబడి తడి గోనెపట్టాల కింద ఉంచాలి. ఒక్క ఎండాకాలపు ఆదివారం తడపడం మరిచిపోతే సోమవారానికి చంకల దగ్గర, మోకాళ్ల దగ్గర పగుళ్లు వస్తాయి.

మట్టి దశలో కమిటీ వచ్చి చూసే రోజే అన్నిటికన్నా విలువైన రోజు. గడ్డం కాస్త ముందుకుందనో, పెదవుల్లో ఆ బిగువు లేదనో ఎవరైనా అంటే వేలితో ఒత్తి సరిచేయొచ్చు. లోహం అయ్యాక ఎవరు ఏమన్నా లాభం లేదు. అందుకే ఆ రోజు పదవుల్లో ఉన్నవాళ్లు రావడం కన్నా, ఆయన్ను రోజూ చూసిన అటెండరు, డ్రైవరు, పాత విద్యార్థి రావడం ముఖ్యం. పోలిక పట్టేది వాళ్లే. నిలబడ్డ తీరు చూసి "అయ్యగారు బరువు ఎడమ కాలి మీద వేసేవారు" అని చెప్పగలిగేది వాళ్లే.

తర్వాత మట్టి మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీస్తారు. అచ్చు లోపల అయిదారు మిల్లీమీటర్ల మందాన మైనం పూత పూస్తారు. మైనం లోపలి ఖాళీలో ప్లాస్టరు, ఇటుక పొడి కలిపి పోస్తారు, దీన్నే గుండె అంటారు. అచ్చు విప్పేశాక బయట కూడా అదే మిశ్రమంతో కప్పుతారు. లోపలి గుండె జారకుండా మైనంలోంచి మేకులు దింపుతారు. ఈ మేకులు గుర్తుంచుకోండి, వీటితో తర్వాత పనుంది. బట్టీలో రోజుల తరబడి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి లోహం పోస్తారు. మధూచ్ఛిష్టం అని శిల్పశాస్త్రాల్లో చెప్పిన పద్ధతి ఇదే. గుడిలో ఉత్సవ విగ్రహం గట్టిగా నిండుగా పోస్తారు, ఈ పెద్ద విగ్రహాన్ని బోలుగా పోస్తారు, తేడా అంతే. అచ్చులో చెమ్మ మిగిలితే, వెయ్యి డిగ్రీలు దాటిన లోహం తగలగానే ఆవిరి పేలి లోహం ఎదురు చిమ్ముతుంది. బట్టీ దగ్గర తొందరపెట్టకూడదని పెద్దవాళ్లు అనేది ఇందుకే. ప్రారంభోత్సవం తేదీ ముందే అచ్చేసి శిల్పి నెత్తిన కూర్చుంటే మొదట కోత పడేది ఈ కాల్చే రోజుల్లోనే.

లోహం గురించి ఒక మాట. మన పత్రికల్లో ప్రతి విగ్రహమూ పంచలోహ విగ్రహమే అయిపోతుంది. ఆరుబయట పెట్టే విగ్రహాలకు వాడేది ఎక్కువగా నూటికి 85 పాళ్లు రాగి, తగరం, జింకు, సీసం తలా 5 పాళ్లు ఉన్న కంచు. తొమ్మిదడుగుల విగ్రహం ఉపరితలం సుమారు అయిదున్నర చదరపు మీటర్లు ఉంటుంది. ఆరు మిల్లీమీటర్ల మందానికి లెక్కేస్తే మూడు వందల కిలోల చుట్టుపక్కల వస్తుంది. ఎవరైనా అదే ఎత్తు విగ్రహం టన్నున్నర బరువని చెబితే లోపల సిమెంటు పోశారేమో అడగాలి. పాత కుళాయిలు, పంపు ముక్కలు, ఇత్తడి బిందెలు ఏవి పడితే అవి కరిగించి పోస్తే మిశ్రమం చెడుతుంది, పైన సూది బెజ్జాలు పడతాయి. పోసిన రోజు అవి కనపడవు. పుట్టీతో మూసేస్తారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి ముఖం మీద స్ఫోటకపు మచ్చల్లా బయటపడతాయి.

తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా పోసి ఆర్గాన్ వెల్డింగుతో కలుపుతారు. వెల్డింగు కడ్డీ కూడా అదే లోహంతో చేసింది కావాలి. కాకపోతే పదేళ్ల తర్వాత మణికట్టు చుట్టూ, మెడ చుట్టూ వేరే రంగు గీత తేలుతుంది. ఇందాకటి మేకులన్నీ పీకి ఆ రంధ్రాలకు కంచు బిళ్లలు బిగించాలి. ఒక్కటి మరిచిపోయినా ఆ చోట తుప్పు చుక్క పుట్టి, వాన పడ్డప్పుడల్లా గోధుమరంగు కన్నీరులా కిందికి కారుతుంది. లోపలి గుండెను కూడా తవ్వి తీసేయాలి. ప్లాస్టరు మిగిలిపోతే అది స్పాంజిలా చెమ్మ పట్టుకుని కూర్చుంటుంది. చివరికి లోహాన్ని వేడి చేసి, గంధకం ఉన్న ద్రావణం పూసి, ముదురు గోధుమరంగు తెప్పిస్తారు. ఆ రంగు పెయింటు కాదు, లోహం చర్మమే ఆ రంగుకు మారుతుంది. మన కళ్లలో నిలిచిపోయింది ఆ రంగే. పొద్దున ఎండలో చింతగింజలా మెరిసి, మబ్బు పట్టినప్పుడు దాదాపు నల్లగా కనిపించేది.

ఇప్పుడు కళ్ల దగ్గరికి వద్దాం. కంచు విగ్రహానికి నల్లగుడ్డు, తెల్లగుడ్డు రంగులతో ఉండవు. మరి అది మనవైపు చూస్తున్నట్టు ఎలా ఉంటుంది? శిల్పి కనుపాప ఉండాల్సిన చోట అంగుళంలో మూడో వంతు లోతున చిన్న గుంట తవ్వుతాడు. గుంట పై అంచున, రెప్ప కింద, బియ్యపుగింజంత ముక్కను తియ్యకుండా వదిలేస్తాడు. గుంట లోపలి నీడ కనుపాప అవుతుంది. ఆ గింజ మీద పడే వెలుతురు కంట్లో మెరుపవుతుంది. పొద్దు తిరిగేకొద్దీ నీడ మారుతుంది, చూపు మారుతుంది. ఉదయం క్లాసుకు పోయేటప్పుడు ఒకలా, సాయంత్రం హాస్టలుకు తిరిగొచ్చేటప్పుడు ఒకలా ఆయన చూస్తున్నట్టు ఉండేదని చాలామంది చెప్పుకునేది భ్రమ కాదు.

ఆ గుంటలోకి పెయింటు చేరితే ఏమవుతుందో ఊహించండి. ఎనామెల్ పెయింటు ఒక్క పూత ఆరాక మందం మిల్లీమీటరులో ముప్పై మూడో వంతు ఉంటుందనుకుందాం. ఏడాదికి రెండుసార్లు, జయంతికీ వర్ధంతికీ, పాతికేళ్లు వేస్తే యాభై పూతలు, మిల్లీమీటరున్నర. పై రెప్ప అంచు మందమే రెండు మూడు మిల్లీమీటర్లు. పైగా పెయింటు గుంటల్లోకే జారి చేరుతుంది కాబట్టి అక్కడ ఇంకా మందంగా పేరుకుంటుంది. ముందు గింజంత మెరుపు పోతుంది, తర్వాత గుంట పూడుతుంది, తర్వాత రెప్ప కలిసిపోతుంది. అప్పుడు ముఖం గుడ్డిగా ఉందని ఎవరో తెల్లరంగు పెట్టి మధ్యలో నల్లచుక్క దిద్దుతారు. ఇంక అది ఎవరి ముఖమో చెప్పడానికి కింద పేరు చదవాల్సిందే. పెదవుల చివర ఉండే ఆ చిన్న మడత, చెంప మీద ఎముక దిగే వాలు, కోటు గుండీల అంచులు అన్నీ ఇలాగే పోయాయి. బంగారు రంగు మరీ చేటు. మెరుపు ఎక్కువ కాబట్టి నీడలను మింగేస్తుంది.

పెయింటు వల్ల చూపు పోవడమే కాదు, లోహానికీ హానే. విశాఖ లాంటి చోట సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఎండకు పెయింటు పగిలి, ఆ సందులోంచి ఉప్పునీరు లోపలికి దిగి, తిరిగి ఆరే దారి లేక అక్కడే ఉండిపోతుంది. కంచు మీద క్లోరైడు చేరితే లేత పుదీనారంగు పొడి రాలుతుంది. దీన్ని కంచు తెగులు అంటారు. అది ఒకసారి పట్టుకుంటే గాలిలో చెమ్మ ఉన్నంతకాలం తనంతట తను తింటూ పోతుంది, కింద గుంటలు పడతాయి. అయితే ఆకుపచ్చ కనపడగానే కంగారుపడి తోమకూడదు. పంటిపుల్లతో గీకి చూడాలి. నున్నగా, గట్టిగా అంటుకుని ఉన్న ముదురు ఆకుపచ్చ లోహాన్ని కాపాడేదే, దాన్ని ముట్టుకోవద్దు. పుల్లకు పొడి పొడిగా అంటి, కింద గుంట కనపడితేనే తెగులు.

మీ ప్రాంగణంలో ఉన్నది కంచో కాదో పెయింటు మీద నుంచి కూడా పోల్చుకోవచ్చు. వేలి కణుపుతో పిక్క దగ్గర తట్టండి. బోలు కంచైతే ఖాళీ బిందె తట్టినట్టు మోగుతుంది, ఫైబరైతే ప్లాస్టిక్ డ్రమ్ము చప్పుడు, సిమెంటైతే చప్పుడే ఉండదు. ఫైబరు విగ్రహం అదే తొమ్మిదడుగులు యాభై అరవై కిలోలకు మించదు. ఎండకు పై పొర సుద్దలా రాలుతుంది, గాలికి ఊగి చీలమండల దగ్గర చీలుతుంది. దానికి పెయింటు వేయక తప్పదు. సిమెంటు విగ్రహానికి లోపలి ఇనుప చువ్వే శత్రువు. చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే చేతి పొడవునా తిన్నగా గీత గీసినట్టు పగులు వస్తుంది. ఆ గీత కనపడితే పైన పుట్టీ పెట్టడం దండగ, చువ్వదాకా తెరిచి బాగు చేయాలి.

కంచు విగ్రహానికి లోపలి నీళ్లే పెద్ద సమస్య. బోలు కాబట్టి వెల్డింగు సందుల్లోంచి, సూది బెజ్జాల్లోంచి వాననీరు లోపలికి పోతుంది. పాదాల దగ్గర అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట చిటికెన వేలంత రంధ్రాలు రెండో మూడో వదులుతారు, ఆ నీళ్లు పోవడానికే. విగ్రహాన్ని దిమ్మె మీద బిగించేటప్పుడు మేస్త్రి చక్కగా ఉంటుందని చుట్టూ సిమెంటు రాసి నున్నగా మెత్తుతాడు. రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి మోకాళ్లదాకా నీళ్లు నిలిచి ఉన్న విగ్రహాన్ని మనం బయటినించి చూసి దండం పెట్టుకుంటుంటాం. చీలమండల చుట్టూ తెల్లటి ఉప్పు గీత, వానలు ఆగిన వారానికి కూడా పాదాల కింద తడి, ఈ రెండూ కనపడితే లోపల నీళ్లున్నట్టే. లోపల బిగింపుకు వాడిన చువ్వలు మామూలు ఇనుమైతే కంచు పక్కన, ఉప్పుగాలిలో, అవి ఇంకా వేగంగా తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు కోరుతుంది, పాదాన్ని లోపలినుంచి చీలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు వేయించడానికి అయ్యే ఖర్చు మొత్తం పనిలో ఎంతో కాదు. టెండరు కాగితంలో ఆ ఒక్క ముక్క రాయించాలి, అంతే.

దిమ్మె విషయంలో మనకు చీమకుర్తి నల్లరాయి ఉంది, మెరిసే చుక్కలున్న గెలాక్సీ గ్రానైటు, ప్రపంచమంతా కొనుక్కునే రాయి. రాయిలో లోపం లేదు. పలకలను వట్టి సిమెంటుతో అంటించడంలోనే లోపం. వెనక కొక్కేలు లేకుండా అంటించిన పలక ఎండకూ వానకూ సాగుతూ ముడుచుకుంటూ ఏదో ఒకనాడు వదిలేస్తుంది. ఇంకొకటి, దిమ్మె ఎత్తు. రోడ్డు ఎత్తు పెరిగిందనో సుందరీకరణ అనో పాత దిమ్మె మీద ఇంకో మూడడుగులు కడతారు. శిల్పి కింద నిలబడి చూసేవాళ్ల కంటికి లెక్కేసి తల కాస్త పెద్దగా, గడ్డం కాస్త ముందుకు వంచి చేసి ఉంటాడు. దిమ్మె పెరిగితే ఆ లెక్క తప్పుతుంది. గడ్డం, ముక్కు రంధ్రాలు తప్ప ఏమీ కనపడవు. మెట్లూ పోతాయి. కూర్చునే చోటు పోతే ఇక విగ్రహం దగ్గర కలుద్దామనే వాళ్లెవరు? చుట్టూ ఇనుప కంచె కట్టి తాళం వేసిన విగ్రహాలను చూస్తే మనసు చివుక్కుమనేది అందుకే.

చెట్ల సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ ప్రాంగణాల్లో పెద్ద పెద్ద చెట్లు నేలకూలాయి. ఆ నీడ పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. కానీ కొత్త మొక్క నాటేటప్పుడు విగ్రహానికి కనీసం పాతికడుగుల దూరంలో నాటండి. నెత్తిన కొమ్మ ఉంటే పిట్టల రెట్టలు, అందులోని ఆమ్లం తలపాగా మడతల్లోనే పేరుకుంటుంది. మర్రి, రావి అయితే వేరు దిమ్మెను ఎత్తేస్తుంది.

కడగడం ఎలాగో చెబుతాను. ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి తేదీ వేసి దాచాలి. తర్వాత మెత్తని కుంచెతో పొడిగా దుమ్ము దులపాలి. నీళ్లు బోరువి వద్దు, తీరంలో బోరునీళ్లలో ఉప్పుంటుంది. వాననీరో, ఫిల్టరు నీరో వాడాలి, ఇరవై లీటర్ల క్యాన్లు అయిదారు సరిపోతాయి. ఆమ్లం, క్షారం లేని తేలికపాటి సబ్బు ద్రవం బకెట్‌కు రెండు చెంచాలు. పైనుంచి కిందికి, కుంచెతో, నురగ ఆరనివ్వకుండా కడిగి బాగా తొలపాలి. ఒత్తిడి పంపులు వద్దు, సందుల్లోంచి లోపలికి నీళ్లు కొడతాయి.

చింతపండు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు, ఉప్పు పెట్టి తోమితే తళతళ మెరుస్తుంది, నిజమే. పులుపు ఆ గోధుమరంగు చర్మాన్ని ఒలిచేస్తుంది. ఉప్పేమో తెగులుకు విత్తనం వేసి పోతుంది. పాలాభిషేకాలకూ ఇదే వర్తిస్తుంది. పాలు మడతల్లో పులిసి ఆమ్లమవుతాయి, దానికి చీమలు, బూజు చేరతాయి. అభిమానం ఆపుకోలేకపోతే దిమ్మె ముందు పళ్లెంలో పోయండి, వెంటనే కడిగేయండి.

తడి ఆరాక, ఎండకు లోహం చేతికి వెచ్చగా తగిలినప్పుడు మైనం పూయాలి. తేనెమైనం గానీ, కొవ్వొత్తి కన్నా మెత్తగా సాగే మైక్రో క్రిస్టలైన్ మైనం గానీ టర్పెంటైన్‌లో వెన్నలా కలిపి, కుంచెతో పలుచగా రాసి, పది నిమిషాలాగి నూలుగుడ్డతో రుద్దాలి. మళ్లీ మర్నాడు రెండో పూత. తొమ్మిదడుగుల విగ్రహానికి పావు కిలో చాలు. మందంగా రాస్తే దుమ్ము పట్టి తెల్లబడుతుంది. లోతట్టు ఊళ్లలో ఏడాదికి ఒకసారి, సముద్రం దగ్గరైతే కనీసం రెండుసార్లు. మే ఆఖరున వానలకు ముందు ఒకటి, తుఫానుల కాలం సద్దుమణిగాక నవంబరు ఆఖరున ఒకటి. ఇద్దరు మనుషులు, రెండు పూటల పని.

పాత పెయింటు తీయాలంటే మంట పెట్టడం, ఇసుక కొట్టడం, ఉప్పుకాగితం రుద్దడం చేయకూడదు. జిగురులా ఉండే పెయింటు రిమూవరు రాసి, వెదురు బద్దతో గీకాలి. ముందు వీపు వైపు, కోటు కింద, అరచేతి మేర తీసి చూడాలి. బంగారం, దాని కింద వెండి, దాని కింద నలుపు, ఎన్ని ఉత్సవాలో అన్ని పొరలు తేలతాయి. అన్నిటి కిందా ఆ చింతగింజ రంగు ఇంకా బతికే ఉంటే, నిపుణుల చేత పని చేయించడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. తెగులున్న చోట పొడిని పుల్లతో తీసి, డిస్టిల్డ్ వాటరుతో పదేపదే కడిగి, ఆరబెట్టి, స్పిరిటులో నూటికి మూడు పాళ్లు బెంజోట్రయజోల్ అనే, తెగులును ఆపే రసాయనం కలిపి పూస్తారు. అది ఒంటికి మంచిది కాదు, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాల్సిందే.

శిలాఫలకం మీద రాతలకు పెద్దగా ఖర్చు లేదు, శ్రద్ధే కావాలి. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో 1884 నాటి జాన్ హార్వర్డ్ విగ్రహం కింద మూడు మాటలున్నాయి: జాన్ హార్వర్డ్, వ్యవస్థాపకుడు, 1638. ఆ కాలేజీ పుట్టింది 1636లో. హార్వర్డ్ వ్యవస్థాపకుడు కాదు, గొప్ప దాత. ఆయన చిత్రపటమేదీ దొరకక శిల్పి వేరే కుర్రాడిని కూర్చోబెట్టుకుని చేశాడు. రాతి మీద చెక్కింది అలాగే ఉండిపోయింది. మన దగ్గరా అంతే జాగ్రత్త అవసరం. చట్టం చేసింది మద్రాసు శాసనసభ, విరాళాలిచ్చినవారిలో జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారున్నారు, సంస్థను నిలబెట్టి నడిపింది కట్టమంచి వారు. "వ్యవస్థాపక ఉపకులపతి" అంటే కచ్చితంగా ఉంటుంది. పాత రాతల్లో "ఉపాధ్యక్షులు" అని ఉంటే అది తప్పు కాదు, ఆ రోజుల్లో వైస్ ఛాన్సలర్‌ను అలాగే అనేవాళ్లు. దాన్ని దిద్దొద్దు. ఆయన పదవీకాలం రాసేటప్పుడు 1926–31, 1936–49 అని రెండు ముక్కలుగా రాయాలి. కలిపి రాస్తే మధ్యలో రాధాకృష్ణన్ గారి అయిదేళ్లు మాయమవుతాయి. తెలుగు అక్షరాలు చెక్కించేటప్పుడు ఒత్తులకు చోటు వదలాలి. వరుసలు ఇరుకైతే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టుకు తగిలి రాయి ఎగిరిపోతుంది. ఇత్తడి అక్షరాలు అంటిస్తే ఎవరో ఒకరు పీక్కుపోతారు, రాతిలో లోతుగా చెక్కించడమే మేలు.

ఇక దండ. నేల నుంచి తల పదిహేనడుగులుంటే నిచ్చెన తప్పదు. దాన్ని విగ్రహం భుజానికి ఆనించకూడదు. మనిషి బరువంతా చీలమండల మీద పడుతుంది, ఇనుప అంచు గీసుకుపోతుంది. తనంతట తను నిలబడే, ఇంగ్లిషు 'A' ఆకారపు నిచ్చెన తేవాలి. లేదా పాతకాలంలోలా చివర చీలిక ఉన్న వెదురు కర్రలు రెండు పట్టుకుని ఇద్దరు రెండువైపుల నుంచి దండను ఎత్తి వేయాలి. దండ మెడలోంచి నడుముదాకా పడితే అందంగా ఉంటుంది. అరటినారతోనో నూలుదారంతోనో కట్టిన దండ కావాలి, ఇనుప తీగ ఉన్నది వద్దు. క్రేన్లతో వేసే గజమాలలు ఈ విగ్రహాల కోసం కాదు. చాచిన చేతి మీద అంత బరువు పడితే భుజం అతుకు దగ్గర వెంట్రుకవాసి పగులు మొదలవుతుంది.

దండ వేసిన రోజు కన్నా తీసే రోజు ముఖ్యం. తడి బంతిపూలు వారం రోజులు మెడను అంటుకుని కుళ్లితే ఆ మచ్చ ఏళ్ల తరబడి కాలరు మీద ఉండిపోతుంది. డిసెంబరు 11 పొద్దున్నే, వేసిన మనుషులే వచ్చి తీయాలి, మెడ చుట్టూ తడిగుడ్డతో తుడవాలి. ఆ నిచ్చెన మీద ఉన్నప్పుడే ఇంకో పని చేయొచ్చు. దిగుతూ దిగుతూ కోటు వెనక అంచు మీద, లేదా ఎడమ మడమ వెనక, చూపుడు వేలితో మెల్లగా తడిమి చూడండి. శిల్పి సాధారణంగా తన పేరూ, పోసిన సంవత్సరమూ అక్కడే గీస్తాడు. పెయింటు మరీ మందంగా లేకపోతే ఆ గీతలు వేలికి తగులుతాయి.